భూమి కింద పెట్టిన మడత

మూడుంపావు అయింది. నాలుగు కొట్టగానే పోస్టుమన్ లేచి, టీ కొట్టు పక్కనున్న ఎర్ర డబ్బా తాళం తీసి, లోపలి ఉత్తరాలన్నీ సంచిలో దులుపుకుని వెళ్ళిపోతాడు. ఆ ఉత్తరాల్లో అమ్మాయి అప్లికేషను కూడా ఉండాలి. ఇవాళ్టి ముద్ర పడకపోతే ఇక ఈ ఏడాదికి అంతే సంగతులు.

అప్లికేషను నిన్నే నిండిపోయింది. పేరు, పుట్టిన తేదీ, మోచేతి మీది పుట్టుమచ్చతో సహా. మిగిలినవి రెండే రెండు గళ్ళు. ఒకదాని పక్కన సైన్సు అని ఉంది, రెండోదాని పక్కన ఇంజనీరింగు అని ఉంది. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. ఆ టిక్కు పెట్టలేకే ఆమె రాత్రంతా పెన్ను మూత కొరికి కొరికి, ఇవాళ మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా పెదనాన్నను వెతుక్కుంటూ ల్యాబు వెనక గేటు దగ్గరున్న టీ కొట్టుకి వచ్చింది.

పెదనాన్న అక్కడ కాక ఇంకెక్కడుంటాడు? ల్యాబులో ముప్ఫై ఏళ్ళు వడ్రంగి పని చేసి, రిటైరై రెండేళ్ళయినా, కాళ్ళు పాత అలవాటు మీద ఆ గేటుదాకా తీసుకొచ్చేస్తాయి. గేటు లోపలికి రానివ్వరు కాబట్టి టీ కొట్టు దగ్గర ఆగుతాయి. అందరూ ఆయన్ని కోతల మేస్త్రీ అంటారు. రంపంతో అంత చెక్క కోశాడు కాబట్టి ఆ పేరొచ్చిందని ఆయన నమ్మకం. మిగతావాళ్ళ నమ్మకం వేరు.

"పెదనాన్నా," అంది అమ్మాయి, కాగితం బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా టీ గ్లాసు అంచు దాని మీదికి జరిపి. "నాన్న ఇంజనీరింగు అంటున్నాడు. అమ్మ నీ ఇష్టం అంటోంది, అంటే నాన్న ఇష్టమనే. నువ్వు అంతమంది సైంటిస్టుల మధ్య, ఇంజనీర్ల మధ్య అన్నేళ్ళున్నావు కదా. అసలు వాళ్ళిద్దరికీ తేడా ఏంటి?"

టీ అక్క గరిటె ఆగింది. గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి నాలుగడుగులు ఇటు వేశాడు. పోస్టుమన్ బెంచీ మీద కాలు మార్చుకుని కూర్చున్నాడు. మేస్త్రీని ఎవరైనా ఏదైనా అడిగారంటే ఒక పూట కాలక్షేపం దొరికినట్టే.

మేస్త్రీ మాత్రం గ్లాసు నోటి దగ్గరే పట్టుకుని ఉండిపోయాడు. తేడా? ముప్ఫై ఏళ్ళలో ఎవరూ అడగలేదు, తను ఆలోచించనూ లేదు. తనకి తెలిసిందల్లా కుర్చీలు. సైంటిస్టుల గదుల్లోంచి రిపేరుకొచ్చే కుర్చీలకి వెనక కాళ్ళు విరిగుండేవి. ఇంజనీర్ల గదుల్లోంచి వచ్చేవాటికి ముందంచు అరిగుండేది. ఇంతే తెలుసు. ఇది చెప్పుకునే మాటేనా? పిల్ల చిన్నప్పట్నుంచీ తన మాటలు నోరు తెరుచుకుని వింది. ల్యాబులో సగం పెదనాన్న బుర్రతోనే నడిచిందని బళ్ళో కూడా చెప్పుకుంది. అలాంటి పిల్ల ఇప్పుడు జీవితం తేల్చుకోడానికొస్తే, విరిగిన కుర్చీ కాళ్ళ గురించి చెప్పి పంపిస్తాడా?

గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"తేడానా? ఆ తేడా కనిపెట్టిందే నేను తల్లీ."

"అయిపోయింది," అన్నాడు పోస్టుమన్ వాచీ చూసుకుంటూ.

"అప్పుడు నేను కొత్తగా చేరాను. మూతి మీద మీసం సరిగ్గా రాలేదు గానీ చేతిలో పని మాత్రం వచ్చేసింది. రెండో అంతస్తులో ఒక గది, గదిలో ఒక బల్ల, బల్ల మీద ఒక తక్కెడ. తక్కెడంటే కూరగాయలు తూచేది అనుకునేరు, దాంట్లో కనురెప్ప వెంట్రుక ఒకటి రాలి పడితే, అది ఎడమ కంటిదో కుడి కంటిదో కూడా చెప్పేస్తుంది."

"అబ్బో!" అన్నాడు వాచ్‌మన్.

"అబ్బో ఇప్పుడే వాడెయ్యకురా, ముందు ముందు అవసరం పడుతుంది. ఆ తక్కెడున్న బల్ల ఊగుతోంది. ఇంతే సమస్య. ఇదిగో, ఇది ఊగినట్టే." మేస్త్రీ ముందున్న బల్ల మూల మీద వేలు పెట్టి నొక్కాడు. టక్కుమని ఆ మూల దిగి, ఎదుటి మూల లేచింది. గ్లాసుల్లో టీ అటూ ఇటూ తూలింది.

"ఈ బల్ల సంగతి మనం తర్వాత మాట్లాడుకుందాం అన్నయ్యా," అంది టీ అక్క. ఆ బల్ల ఆమెకి చేసిచ్చింది మేస్త్రీయే. వచ్చి ఎనిమిది నెలలైంది. ఎనిమిది నెలలుగా ఊగుతూనే ఉంది. ముప్ఫై ఏళ్ళు రంపం పట్టినవాడు ఒక కాలు పొట్టిగా కోశాడని ఆ వీధి వీధంతా ఆయన్ని ఏడిపిస్తూనే ఉంది. ఆయన మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా వినబడనట్టే ఉంటాడు. ఇప్పుడూ వినబడలేదు.

"ముందు సైంటిస్టులు వచ్చారు. పదకొండు మంది. బల్ల చుట్టూ నిలబడ్డారు. ఒకాయన వేలితో నొక్కి 'ఊగుతోంది' అన్నాడు. రెండో ఆయన నొక్కి 'నాకు కూడా ఊగుతోంది' అన్నాడు. అలా పదకొండుమందీ నొక్కి, పదకొండుసార్లూ ఊగిందని రాసుకుని, సంతకాలు పెట్టి, తలుపేసుకుని కూర్చున్నారు. ఆర్నెల్లు! ఆర్నెల్ల తర్వాత గడ్డాలు పెంచుకుని బయటికొచ్చి, బల్ల ఊగడానికి మూడు కారణాలున్నాయి, మూడూ ఒకదానికొకటి పడవు, కాబట్టి నాలుగోది ఉండి తీరాలి అన్నారు. బల్ల మాత్రం ఊగుతూనే ఉంది. దాన్ని ఆపాలని ఒక్కడికీ తోచలేదు. ఆపేస్తే ఇంకేం చూస్తారు, పాపం!"

అమ్మాయి నవ్వింది. మేస్త్రీకి ఆ నవ్వుతో ఒంట్లోకి వెయ్యి వోల్టులు వచ్చాయి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంజనీర్లు దిగారు. మెళ్ళో టేపులు, చెవి మీద పెన్సిళ్ళు. ఎందుకు ఊగుతోంది అని వాళ్ళు ఒక్క మాట అడిగితే ఒట్టు. 'ఎంతవరకు ఊగొచ్చు?' అన్నారు. 'అసలు ఊగకూడదు' అన్నారు సైంటిస్టులు. 'అసలు అనే కొలత మా టేపు మీద లేదు' అన్నారు ఇంజనీర్లు. అక్కడ మొదలైంది గొడవ. వరండాలో సుద్దముక్కతో గీత గీసేసుకున్నారు, అటువైపు వాళ్ళు, ఇటువైపు వీళ్ళు, మధ్యలో మంచినీళ్ళ కుండ. సరే, ఇంజనీర్లు గది తవ్వేసి, బావంత గొయ్యి చేసి, కాంక్రీటు పోసి, నా తొడంత బోల్టులు వేసి బల్లని బిగించారు. బల్ల ఊగడం ఆగింది."

"హమ్మయ్య," అన్నాడు వాచ్‌మన్.

"గది ఊగడం మొదలైంది."

"ఓరి దేవుడా!"

"గదికి బోల్టులేశారు. బిల్డింగు ఊగింది. బిల్డింగుకి వేశారు, వీధి ఊగింది. అప్పుడు చూడాలి సైంటిస్టుల సంతోషం! ఒకర్నొకరు వాటేసుకున్నారు. ఊగడం అనేది ఎక్కడికీ పోదు, చోటు మారుతుంది అంతే అని ఒకాయన కొత్త సూత్రం కనిపెట్టి, దానికి తన పేరు పెట్టేసుకుని, ఇంటికెళ్ళి పడుకున్నాడు. ఇంజనీర్లు మాత్రం దేశం మొత్తానికి ఎన్ని బోల్టులు కావాలో లెక్కేస్తూ కూర్చున్నారు. అప్పుడు, ఇద్దరి వల్లా కాక, నాకు కబురు పెట్టారు."

"నీకే ఎందుకు?" అంది టీ అక్క.

"ఇంకెవరున్నారమ్మా? వెళ్ళాను. బల్ల చుట్టూ ఒక్కసారి తిరిగాను. 'ఒక కాగితం ఇవ్వండి' అన్నాను. ఇలా చెయ్యి చాపానంతే..." మేస్త్రీ కళ్ళు సగం మూసుకుని, చెయ్యి చాపి, బల్ల మీద తగిలిన కాగితం గ్లాసు కిందనుంచి లాగాడు.

"పెదనాన్నా, ఆ కాగితం..."

"ఏ కాగితమని కదూ? మంచి ప్రశ్న తల్లీ. మామూలు కాగితమే, ఇలాంటిదే. ఒక మడత." అప్లికేషను సగమైంది. గోటితో మడత మీద గీరాడు, వడ్రంగి గోరు, మడత కత్తితో గీసినట్టు పడింది. "రెండు మడతలు."

"పెదనాన్నా!"

"మధ్యలో అడక్కమ్మా, లెక్క తప్పుతుంది. మూడు మడతలు. అంతే. వంగి కాలి కింద దోపాను. బల్ల ఆగిపోయింది. సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో తేడా బయటపడింది చూడు! సైంటిస్టు నా దగ్గరికొచ్చి, 'మూడు మడతలే ఎందుకు?' అన్నాడు. ఇంజనీరు వచ్చి, 'రెండున్నర చాలవా?' అన్నాడు."

పోస్టుమన్ ఫక్కున నవ్వాడు. ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. మేస్త్రీకి కూడా ఒక క్షణం అలాగే అనిపించింది. కానీ ఓరగా చూస్తే అమ్మాయి తనకేసి చూడట్లేదు. ఆయన అరచేతిలో నలుగుతున్న కాగితాన్నీ చూడట్లేదు. తల వంచి బల్ల కిందికి చూస్తోంది. ఈ పిల్లకి ఇది చాల్లేదన్నమాట, అనుకున్నాడాయన. పిల్ల తన మాటలు వినడం మానేసిన రోజున తనింక ఎవరికి చెప్పుకుంటాడు? నోరు ముందు పరిగెత్తింది, ఆయన దాని వెనకాల చెప్పులు తొడుక్కుంటూ బయల్దేరాడు.

"ఇంతవరకూ చెప్పింది ఏమీ కాదు. అసలు కథ ఇప్పుడుంది. ఆ తక్కెడ ఇప్పుడు ఎంత నిలకడగా ఉందంటే, సబ్బు వాసన తూచారు. ఒక నిట్టూర్పు తూచారు. ఆఖరికి ఒక అబద్ధం కూడా తూచారు."

"ఎవరి అబద్ధం?" అంది టీ అక్క.

"అక్కడ ఎవరిది దొరికితే వాళ్ళది."

"అయితే నీదే. ఎంత తూగిందేం?"

"పళ్ళెం వంగి నేలకి తగిలిందనుకో. అది కాదు ముఖ్యం. ఆ బల్ల అంత కదలకుండా నిలబడేసరికి, లోకంలో మిగతావన్నీ కదులుతున్నాయని బయటపడింది! గోడలు కదులుతున్నాయి, చెట్లు కదులుతున్నాయి, పెద్ద సైంటిస్టు లెక్కలు కట్టి కట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, 'మేస్త్రీ, ఎవరికీ చెప్పకు, భూమే ఒక పక్కకి ఒరిగి ఉంది. దానికి ఒక కాలు పొట్టి' అన్నాడు."

"భూమికి కాళ్ళేంటి బాబాయ్?" అన్నాడు వాచ్‌మన్.

"అదే నేనూ అడిగాను. 'కాళ్ళు లేకపోతే పొట్టి ఎలా అవుతుంది?' అన్నాడాయన. ఇంకేం మాట్లాడతాం? ఇంజనీరు అప్పటికే 'కాగితం ఎంత కావాలి?' అని అడిగేశాడు. ఊళ్ళో కాగితమంతా పోగుచేశారు. పేపర్లు, పుస్తకాల అట్టలు, పిల్లల పరీక్ష పేపర్లు. ఆ ఏడాది పిల్లలందరూ ఊరికే పాసైపోయింది అందుకే. అన్నీ అతికించి ఒకే కాగితం చేశాం, పరిస్తే ఒక చివర ఎండ, ఇంకో చివర వాన. ఇక మడత. ఒకటి, రెండు, ఏడు దాకా చేతులతో. ఎనిమిదో మడతకి రోడ్డు రోలరు తెచ్చాం. ఇరవయ్యో మడతకి రైలింజన్లు, ఇటొకటి అటొకటి, రెండూ ఎదురెదురుగా వచ్చి నొక్కుతుంటే నేను మధ్యలో జెండా పట్టుకుని నిలబడ్డాను. మడత పెట్టిన కొద్దీ లావు రెట్టింపవుతుంది కదా, నలభై ఒకటో మడతకి అది ఎంతదాకా లేచిందో తెలుసా? చంద్రుడి దారిలో సగం దాటింది!"

"అబ్బో," అన్నాడు వాచ్‌మన్. దాచుకున్న అబ్బో అది. మనస్ఫూర్తిగా అన్నాడు.

"సైంటిస్టు గంతులేస్తున్నాడు. 'ఇంకొక్కటి మేస్త్రీ, ఒక్కటే ఒక్కటి, ఏమవుతుందో చూద్దాం!' ఇంజనీరు నా కాళ్ళు పట్టుకున్నాడు. 'మనకి కావలసింది అయిపోయింది, ఆపెయ్ మేస్త్రీ, టీకి పోదాం!' చూశావా తల్లీ తేడా? ఒకడికి ఏమవుతుందో చూడాలి, ఇంకొకడికి పనైపోవాలి. మధ్యలో నేను. ఇద్దరి మాటా తీసెయ్యలేను కదా, నలభై రెండోది మెల్లిగా, సగమే వేశాను. చంద్రుడికి ఇంత తగిలిందంతే, బొటనవేలంత పక్కకి జరిగాడు. ఇప్పటికీ పరిశీలనగా చూస్తే తెలుస్తుంది."

"మా ఆవిడ అంటూనే ఉంది, ఈమధ్య చంద్రుడు అదోలా ఉన్నాడని," అన్నాడు పోస్టుమన్.

"మరి! సరే, భూమి ఎత్తాలి. లారీ జాకీ తెచ్చాం."

"ఆగు ఆగు," అన్నాడు వాచ్‌మన్. "భూమిని ఎత్తడానికి జాకీ దేని మీద పెట్టావ్?"

"సరిగ్గా ఇదే అడిగాడు సైంటిస్టు! కూలబడి తల పట్టుకున్నాడు. 'దేని మీద పెడతాం, దేని మీద పెడతాం' అని వారం రోజులు అన్నం తినలేదు. ఇంజనీరు వచ్చి, 'ముందు పెట్టండి సార్, దేని మీదనేది తర్వాత చూద్దాం' అన్నాడు. పెట్టాను. తిప్పాను. కిర్రు కిర్రు కిర్రుమంటూ భూమి లేచింది! సముద్రాలు ఒక పక్కకి ఒరిగాయి, చేపలన్నీ ఒకే మూలకి చేరాయి, ఊళ్ళల్లో మంచాలన్నీ గోడలకి ఆనుకున్నాయి. అక్కా, ఆ రోజు నీ పాలు పొంగిపోయాయి, గుర్తుందా?"

"నా పాలు నువ్వు మాట్లాడిన ప్రతిరోజూ పొంగుతాయి."

"మాట మార్చకు. నేను వంగాను. ఊపిరి బిగబట్టాను. కాగితం పట్టుకున్నాను, ఇదిగో ఇలా..." మేస్త్రీ నిజంగానే వంగాడు. ఒక చేత్తో బల్ల మూల ఎత్తి, పిడికిట్లో ఉన్న మడత కాగితాన్ని కాలి కింద దోపాడు. మోకాళ్ళు పట్టుకుని లేచాడు. మొహం ఎర్రబడింది, కళ్ళు మెరుస్తున్నాయి. "దోపి, జాకీ వదిలేశాను. భూమి దిగింది. కదిలితే ఒట్టు! ఊగడం లేదు, ఒరగడం లేదు, తిరగడం కూడా ఆగిపోయింది! సూర్యుడు ఎక్కడివాడు అక్కడే, సరిగ్గా నాలుగు గంటల దగ్గర..."

"నాలుగా?" పోస్టుమన్ ఉలిక్కిపడి వాచీ చూశాడు. "పది నిమిషాలుంది! అమ్మాయ్, నీ కాగితమేదీ?"

"అదేగా ఇందాకట్నుంచీ చెబుతున్నాను," అంది అమ్మాయి. "అది భూమి కిందుంది."

మేస్త్రీ అప్పటికే తన కథ ముగింపు కోసం రెండు అరచేతులూ బల్ల మీద బలంగా వేసి, "నిలబడిపోయింది!" అనేశాడు.

బల్ల టక్కుమంది. ఇంతకుముందు లేని కొత్త మూల దిగింది. గ్లాసు ఒకటి దొర్లి, టీ ఆయన చొక్కా మీదినుంచి చెప్పుల్లోకి కారింది.

టీ అక్క గరిటె పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, నిదానంగా వచ్చి బల్ల ముందు నిలబడింది.

"అన్నయ్యా, ఎంత గొప్ప పని చేశావయ్యా! భూమిని నిలబెట్టావు, చంద్రుణ్ణి జరిపావు, సూర్యుణ్ణి ఆపావు. నువ్వే కోసి, నువ్వే మేకులు కొట్టి, నువ్వే మోసుకొచ్చి వేసిన నా బల్లని ఎనిమిది నెలల్నుంచి నిలబెట్టలేకపోయావేం? ఇందాకటిదాకా ఒక పక్కకే ఊగేది. ఇప్పుడు రెండు పక్కలకీ నేర్పావు."

వాచ్‌మన్ గేటు పట్టుకుని నవ్వాడు. పోస్టుమన్ సంచిలో మొహం పెట్టుకుని నవ్వాడు. మేస్త్రీ చొక్కా దులుపుకుంటూ ఏదో అనబోయాడు గానీ, ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ ఆగని నోరు ఆగిపోయింది. చొక్కా తడిసినందుకు కాదు. పిల్ల ముందు, పిల్లే పని మీద వచ్చిన రోజున, పిల్ల కాగితాన్నే కాలి కింద పెట్టాడు. ఆమె మొహంలోకి చూడటానికి ధైర్యం చాల్లేదు.

అమ్మాయి వంగి కాగితం బయటికి తీసింది. మడతలు విప్పి తొడ మీద పెట్టి సాపు చేసింది. మధ్యలో దుమ్ము మరక, బల్ల కాలి అచ్చు.

"పర్లేదులేమ్మా," అన్నాడు పోస్టుమన్ కళ్ళు తుడుచుకుంటూ, "కవర్లో పెట్టాలంటే ఎలాగూ మడవాల్సిందేగా."

ఆమె ఆ మాట విన్నట్టు లేదు. "పెదనాన్నా, గ్లాసులు తియ్యి," అంది.

ఆయన తీశాడు. ఆమె బల్ల అంచు పట్టుకుని తిప్పడం మొదలుపెట్టింది. ఎత్తలేదు, జరపలేదు, ఉన్నచోటే గడియారం ముల్లులా మెల్లిగా తిప్పింది. కాస్త తిప్పి నొక్కింది, టక్కుమంది. ఇంకాస్త తిప్పింది, టక్కు. ఇంకో జానెడు. నొక్కింది. చప్పుడు లేదు. ఇటు మూల నొక్కింది, అటు మూల నొక్కింది. బల్ల రాయిలా ఉండిపోయింది.

"ఏం చేశావే?" అన్నాడు మేస్త్రీ. గొంతు చిన్నదైపోయింది.

"నువ్వు చంద్రుడి దగ్గరున్నప్పుడు జానతో కొలిచాను. నాలుగు కాళ్ళూ సమానంగానే ఉన్నాయి పెదనాన్నా. నువ్వు సరిగ్గానే కోశావు. నేలే ఎగుడు దిగుడుగా ఉంది. తిప్పుతూ పోతే ఎక్కడో ఒకచోట నాలుగూ ఆనుతాయేమో అనిపించింది. ఆనాయి."

సరిగ్గానే కోశావు. ఎనిమిది నెలలుగా ఆయన ఆ మాట కోసం ఎంత ఎదురుచూశాడో ఆయనకి కూడా తెలీదు. బల్ల కాలి మీద చెయ్యి వేసి, తన రంపం కోతని వేలితో ఒకసారి తడిమాడు. టీ అక్క బల్ల నొక్కి చూసింది. మళ్ళీ నొక్కింది. వెళ్ళి నాలుగు గ్లాసులు నిండా పోసుకొచ్చి పెట్టింది. ఒక్క చుక్క తొణకలేదు. వాచ్‌మన్ తన గ్లాసు తీసుకున్నాడు, పోస్టుమన్ తన గ్లాసు తీసుకున్నాడు, బల్ల గొడవ వాళ్ళకి అక్కడితో సరి.

అమ్మాయి మాత్రం తన గ్లాసు ముట్టుకోలేదు. కుర్చీలో వెనక్కి వాలింది. ముందు కాళ్ళు రెండూ గాల్లోకి లేచాయి, వెనక కాళ్ళ మీద కుర్చీ కిర్రుమంది. తడికల పైకప్పుకేసి చూస్తూ, ఎవరితోనూ కాకుండా అంది: "కానీ ఎందుకు ఆనాలి? ఇది ఈ బల్లకేనా, ఎక్కడైనా అంతేనా? ఎంత పాడు నేలైనా, ఎక్కడో ఒకచోట ఆగి తీరాలా?"

ఆ కిర్రు మేస్త్రీ చెవిలో పడింది. వెనక కాళ్ళ కీళ్ళు వదులయ్యే చప్పుడు. ముప్ఫై ఏళ్ళు ఆ చప్పుడు చేసిన కుర్చీలనే ఆయన బాగుచేశాడు.

"తల్లీ," అన్నాడు. "ఒక్క మాట చెబుతాను. ఇది చిన్న మాట. దీంట్లో రైలింజన్లు లేవు."

"చెప్పు."

"నేను లోపల కుర్చీలు బాగుచేసేవాణ్ణి. ఎక్కువ అదే పని. ఇంజనీర్ల కుర్చీలకి ముందంచు అరిగేది, ఎప్పుడూ పని మీదికి వంగుంటారు కాబట్టి. సైంటిస్టులవి వెనక కాళ్ళు విరిగేవి. ఇలాగే, నీలాగే వెనక్కి వాలి, కప్పు చూస్తూ కూర్చుంటారు. పనైపోయాక అందరూ టీకి లేస్తే వాళ్ళు లేవరు. వాళ్ళకి అప్పుడే మొదలవుతుంది. నాకు తెలిసిన తేడా అదొక్కటే."

అమ్మాయి తల దించి, కింద గాల్లో వేలాడుతున్న తన కుర్చీ ముందు కాళ్ళు చూసుకుంది.

"ఇది కూడా కోతేనా పెదనాన్నా?"

"కాదు. కోతైతే ఇంత చిన్నగా ఉంటుందా?"

ఆమె నవ్వింది. కుర్చీ ధబ్బున నేల మీదికి దించి, కాగితం బల్ల మీద పరిచి, కొరికిన పెన్ను మూత పళ్ళతో లాగి, ఒక గడిలో టిక్కు పెట్టింది. చెయ్యి ఊగలేదు, బల్లా ఊగలేదు. మళ్ళీ అవే మడతల మీద మడిచి కవర్లో పెట్టి, నాలికతో తడిపి అంటించి, పోస్టుమన్ చేతికిచ్చింది. "నాన్నకి నేను చెప్పుకుంటాను," అంది. "నువ్వు మాత్రం రాకు పెదనాన్నా. నువ్వొస్తే అందులో చంద్రుడు వస్తాడు." చెప్పి, సైకిలెక్కి వెళ్ళిపోయింది. పోస్టుమన్ డబ్బా తాళం తీసి, సంచి భుజానికి తగిలించుకుని, ఆమె వెళ్ళిన దారినే నడిచాడు.

అప్పుడొచ్చాడు వెల్డరు, ల్యాబు డ్యూటీ దిగి. కుర్చీ లాక్కుని కూర్చుని, అలవాటు ప్రకారం టీ తొణక్కుండా గ్లాసు చేత్తో పట్టుకుని, బల్లకేసి అనుమానంగా చూశాడు. "ఇదేంటి, బల్ల వంకరగా వేశారు?"

మేస్త్రీ గొంతు సవరించుకోలేదు. కళ్ళు మూసుకోలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒక్క ముక్క కలపకుండా చెప్పాడు: "మా తమ్ముడి కూతురు వచ్చి, ఉన్నచోటే ఇలా తిప్పింది. ఊగడం ఆగిపోయింది. కాళ్ళు సమానమేనట, నేలదే తప్పట."

వెల్డరు ఆయన్ని కింద నుంచి పైదాకా చూశాడు. "చాల్లే బాబాయ్! తిప్పితే బల్ల ఊగడం ఆగుతుందా? కోతలకైనా ఒక హద్దుండాలి."

"ఒట్టురా! అక్కనడుగు."

"నేను పాలు చూసుకుంటున్నానమ్మా," అంది టీ అక్క స్టవ్వుకేసి తిరిగి. భుజాలు అదురుతున్నాయి. "నేనేం చూళ్ళేదు."

"నేను గేటు చూస్తున్నాను," అన్నాడు వాచ్‌మన్.

మేస్త్రీ లేచి, రెండు చేతులూ బల్ల మీద వేసి, ఒంట్లో ఉన్న బరువంతా పెట్టి నొక్కాడు. బల్ల కదల్లేదు. "ఇప్పుడేమంటావ్?"

వెల్డరు తనూ ఒకసారి నొక్కి చూశాడు. "ఓహో, అర్థమైంది," అంటూ గ్లాసు పక్కన పెట్టి, బల్ల కిందికి దూరి, ఏ కాలి కింద కాగితం దోపారా అని వెతకడం మొదలుపెట్టాడు.